అత్తమ్మ గొంతుకు తగిన హార్మోనియం

లింగంపల్లి,
12 ఆగస్టు 1974

అన్నకు నమస్కారం.

నువ్వు చెప్పిన టేప్ రికార్డరే కొన్నాం. ఇక హార్మోనియం ఎంచుకోవాలి. మా అత్తమ్మది దిగువ గొంతు కదా, కింది స్వరాలు పలికే మగ రీడ్ల పెట్టె చాలనుకున్నాం.

నిన్న ఆమె పాట రికార్డు చేశాను. సెల్లులు అయిపోవచ్చి టేపు మెల్లగా తిరుగుతోందని గమనించలేదు. కొత్త సెల్లులు వేసి వినిపిస్తే పాట వేగంగా, పదహారేళ్ల పిల్ల గొంతుతో వచ్చింది.

ఇదంతా ఆ పాత సెల్లుల వల్లేనని చెప్పినా అత్తమ్మ పట్టించుకోలేదు. “గిది నా పెండ్లినాటి గొంతు బిడ్డా, జర మల్ల వెయ్యి” అంది. అయిదోసారి విన్నాక, ఆ గొంతుకు సరిపోయే హార్మోనియమే కావాలంది.

“అంత పైకి అందుకుంటవా అత్తమ్మా” అని అడిగాను.

“పెట్టె రానియ్యి, నువ్వే చూస్తవ్” అంది. పొద్దున్నుంచి సాధన చేస్తూనే ఉంది.

అందుకని కోఠీలో పై స్వరాలు పలికే ఆడ రీడ్ల పెట్టె చూసిపెట్టు. ఆ పాత సెల్లులను మాత్రం పారేయనివ్వలేదు. తన వెండి కడియాల పక్కన దాచుకుంది.

నీ చెల్లెలు