గూడ్సు ఇంజనుకు ఊపిన తువ్వాలు

శీనా,

పదిమంది ముందర నన్ను కసిరావు. ఇన్నేళ్ళైనా అది నాకు మింగుడుపడలేదు. రైళ్ళ ఫోటోలు తీయడానికి నువ్వు దూరం ఊళ్ళకు వెళ్తే నేనూ వెంట వచ్చేవాణ్ణి. గూడ్సు ఇంజను వస్తే నేను తువ్వాలు ఊపేవాణ్ణి, డ్రైవరు హారను కొట్టేవాడు. "ఫోటో అంతా నీ తువ్వాలే ఉండాది, పక్కకి జరుగు నాయనా!" అన్నావు.

మన వైపు రైలొస్తే మొదటి ఫోటో నేనే తీస్తానంటివి. ఈరోజు నీ తద్దినం పెట్టి, ఆత్మకూరు పక్కన కొత్తగా వేసిన పట్టాల కాడికి నీ కెమెరా తీసుకుని వెళ్ళాను. కంకర బండ్లు లాక్కుంటూ ఇంజను వచ్చింది. తువ్వాలు చంకలో పెట్టుకుని, పక్కకు జరిగి ఫోటో తీశాను. బాగానే పడింది. డ్రైవరు మాత్రం హారను కొట్టలేదు, నా వైపు చూడనే లేదు.

శనివారం మళ్ళీ వస్తుందట. తువ్వాలు ఊపనా, వద్దా? శుక్రవారం లోపల చెప్పు.

మీ నాయన