బతికున్నదానికి పెట్టిన దండాలు

తల్లీ చ్యూలియెన్, నేను బాగానే ఉన్నాను, నువ్వు కంగారు పడకు. కంగారంతా నేనే పడుతున్నాను.

మన ఊరి పాత చరిత్ర రాసుకోవడానికి ఒక విదేశీ ఆయన వచ్చాడు. లువో మాస్టారు ఆయనకి మన వంశపు మండపం చూపించారు. అక్కడ మూలన నా పెట్టె ఉంది కదా, నేను పోయాక పడుకోవడానికి మీ నాన్న ముందే చేయించింది. దాన్ని చూడగానే ఆయన టోపీ తీసి, పోయినవాళ్ళకి వంగినట్టు మూడుసార్లు వంగాడు. "ఎవరు పోయారని అడుగుతున్నాడమ్మా" అన్నారు మాస్టారు. "ఎవరూ పోలేదు బాబూ, అది నాదే" అని మూత ఎత్తి చూపించాను. లోపల నేను దాచుకున్న చిలగడదుంపలు చూసి ఆయన మొహం పాలిపోయింది.

పక్కింటి హుయ్ అత్త, "ఒదినా, ఆయుష్షు కోసం వండే పొడుగు నూడుల్స్ అతనికి పెట్టు, బతికున్నదానికి శవదండం పెట్టిన దోషం పోతుంది" అంది. పెట్టాను. తిని సంతోషపడి, ఈసారి నాకే ఎదురుగా నిలబడి మళ్ళీ మూడుసార్లు వంగాడు! "దోషం పోయినట్టా, రెట్టింపైనట్టా?" అంటే హుయ్ అత్త పడీపడీ నవ్వుతోంది.

నాకేమీ పాలుపోవడం లేదు. శవానికి పెట్టే దండం అందుకున్నదాన్ని, నీ పురిటి గదిలోకి రావచ్చా? నీ బాలింత పథ్యానికి నల్లకోళ్ళు పెంచి ఉంచాను, అల్లం ఎండబెట్టాను. మీ అత్తగారిని అడిగి వెంటనే రాయి. వద్దంటే గుమ్మం బయటే ఉంటాను, బిడ్డను కిటికీలోంచి ఒక్కసారి చూపించు. చన్నీళ్ళు ముట్టుకోకు. పిల్లాపాపలతో చల్లగా ఉండు.

మీ అమ్మ