పరుపులో పెట్టిన పిడికెడు దూది

నాయనకు చర్ల నుంచి చిన్నది రేష్మ సలాములు.

నల్లులు ఎలా పోతాయని అడిగితే, ఉద్యోగం మానేసి వస్తానన్నట్టు ఎలా వినబడింది నీకు? పరుపులు కుట్టే మనిషివి, ఏదో ఉపాయం తెలిసి ఉంటుందని అడిగాను. "అడివిల నల్లులు గాక ఏముంటయ్ బిడ్డా? సామాను సర్దు. ఆదివారం జానీకి ట్రాలీ ఆటో ఇచ్చి పంపుత. పరుపు గూడ ఎక్కించు, మళ్ల ఏకి కుడత" అన్నావు. వెనక నుంచి అమ్మ "పిల్ల ఏడుస్తున్నదా ఏంది?" అంది. నేను ఏడవలేదు, గోక్కుంటున్నాను. ఫోనులో నువ్వు మాట పూర్తి కానివ్వవు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. అమ్మకు చదివి వినిపించు.

అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? జానీ అన్న దగ్గు తగ్గిందా? దూది దుమ్ములో మూతికి గుడ్డ కట్టుకోమను. నేను బాగానే ఉన్నాను. ఇక్కడ ఒక రోజు వాన, ఒక రోజు ఉక్క. బట్టలు ఆరవు. ఇంటి ఓనరు ముత్తమ్మ అప్పుడప్పుడు వెదురు పిలకల కూర ఇస్తుంది, బాగుంటుంది. కొత్తిమీర వేసింది మాత్రం ఏదీ తినలేకపోతున్నాను. నల్లిని నలిపితే కొత్తిమీర కుళ్ళిన వాసన వస్తుంది నాయనా. ఆ వాసన గోళ్ళలోకి ఎక్కింది. సబ్బు పెట్టి కడిగినా అన్నం ముద్ద నోటి దాకా వచ్చేసరికి ముక్కుకు తగులుతుంది.

మొదట దోమలనుకున్నాను. తర్వాత దిండు గలీబు మీద గోధుమరంగు మరకలు కనబడ్డాయి. అవి నా నెత్తురే. నా నెత్తురు తాగి, కడుపుబ్బి, నేను పక్కకు ఒత్తిగిల్లితే చితికిన వాటి గుర్తులు. చితకనివి ఎర్రపప్పు బద్దల్లా మెల్లగా నడుచుకుంటూ పోయాయి. వాటికి తొందర కూడా లేదు. పదో తరగతికి లెక్కలు చెబుతూ బోర్డు వైపు తిరిగితే, ఒక పిల్ల లేచి "టీచర్, మీ మెడ మీద ఏదో పాకుతుంది" అంది. క్లాసంతా నవ్వింది. నాకు చర్మం ఊడదీసి ఉతికి ఆరేసుకోవాలనిపించింది.

అనుమానమంతా ముత్తమ్మ ఇచ్చిన నులక మంచం మీదే. ఆమెకు చెప్పకుండా మంచాన్ని పెరట్లోకి లాగి, మంచంకోళ్ళకూ పట్టెలకూ మధ్య సందుల్లో సలసల కాగే నీళ్ళు పోశాను. ఆమె గడపలో నిలబడి చూసింది.

"ఏంది టీచరమ్మా, మంచానికి తానం పోస్తున్నవ్?"

"నల్లులున్నయ్ ముత్తమ్మా."

"నా మంచంలనా? మొన్నటి దాంక మా మనుమరాలు పండింది దీని మీద. దాని పెయ్యి మీద ఒక్క దద్దు లేకపాయె. నీ చేతులు జూడు, అమ్మవారు పోసినట్టున్నయ్. ఇన్ని నీళ్ళు నీ పరుపు మీద పొయ్యరాదు?"

నాకు కోపం వచ్చింది. మా నాయన చేత్తో కుట్టిన కొత్త పరుపు అన్నాను. "అవ్, కొత్తదే. నల్లులకు గట్ల చెప్పు" అని లోపలికి పోయింది.

మంచం సందుల్లో ఒక్కటీ దొరకలేదు. అప్పుడు పరుపు తిరగేశాను. అంచు కుట్టు పొడవునా నల్లటి చుక్కలు, మిరియాల పొడి చల్లినట్టు. కుట్టు మీది దారపు కుచ్చు కింద గోరు పెట్టి లేపితే తెల్లటి గుడ్లు, విడిచిన పొట్టు, వాటి మధ్య కదిలే పిల్లలు. బ్లేడు తెచ్చి అంచు కోశాను. పైన, కింద నువ్వు ఏకిన తెల్లటి కొత్త దూది. నడిమధ్యలో పచ్చగళ్ళ గుడ్డలో చుట్టిన పసుపుపచ్చని ముద్ద. ఆ గుడ్డను గుర్తుపట్టాను. అమ్మను కన్న నానీ దుప్పటి.

మన ఇంట్లో ఆడపిల్ల ఊరు దాటితే ఇంటి పాత దూది పిడికెడు ఆమె పరుపులో పెడతారని తెలుసు. అక్క పెళ్ళికీ పెట్టావు. మిషన్లో వేస్తే నానీ వాసన పోతుందని ఏకకుండా అలాగే పెట్టావు కదా? కానీ నానీ పోయాక ఆమె పరుపు మన దుకాణం అటక మీదే ఉంది. ఏకించుకోవడానికి ఎవరెవరో తెచ్చి పడేసిన పాత పరుపులన్నీ దాని మీదే. ఎవరింటి నల్లులో నానీ పరుపులోకి చేరాయి, నువ్వు వాటిని గుడ్డలో మూటగట్టి ప్రేమగా నా వీపు కింద పెట్టావు. గుడ్డ విప్పితే దూది కంటే పొట్టే ఎక్కువ. నానీ వాసన లేదు. నీకు బాధ కలుగుతుందని తెలుసు, అయినా ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

అడవి నుంచి నాకేమీ అంటలేదు నాయనా. నల్లులను మన ఖమ్మం నుంచి నేనే బస్సు మీద వేసుకొచ్చి ముత్తమ్మ ఇంట్లో పెట్టాను. ఆమెకు చెప్పాను. రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు కూర పంపింది. ఇప్పుడు నేల మీద చాప వేసుకుని పడుకుంటున్నాను. కొత్త దద్దులు తగ్గాయి. గోడ సందుల్లో ఇంకా ఉన్నాయి, రోజూ వేడినీళ్ళు పోస్తున్నాను. బడికి పోతున్నాను. మెడ మీద పాకుతుందన్న పిల్లే నిన్న త్రికోణమితి లెక్క బోర్డు మీద తప్పు లేకుండా చేసింది. బాగున్నాను, బెంగపడకండి.

నువ్వు వెంటనే అటక ఖాళీ చెయ్యి. అక్క పరుపు కూడా విప్పి చూడమను. నల్లులున్న దూది మన మిషను దగ్గరికి వస్తే ఊళ్ళో ఎన్ని ఇళ్ళకు పోతుందో నాకంటే నీకే బాగా తెలుసు. అందుకే ఏకి మళ్ళీ కుడతానంటే ఒప్పుకోను. వీలైతే అమ్మతో చెప్పి ఉసిరి తొక్కు, చాప మీద పరుచుకోవడానికి రెండు పాత చీరలు పంపించు. చీరలు ఉడకబెట్టి పంపమను. ఖాలాకు, మామూకు నా సలాములు. నమాజులో నా పేరు కూడా తలుచుకోండి.

జానీ అన్నను ఆదివారం పంపొద్దు. పరుపును, నానీ దూదితో సహా, రేపు పొద్దున పెరట్లో తగలబెడుతున్నాను. నేను రావడం లేదు.

మీ
రేష్మ