తెగనివ్వని పడుగు

అన్నా,

ఈరోజు మన ధర్మవరం ఇంట్లో మగ్గం విప్పేశాం. యుద్ధానికి ముందు సెలవులో వచ్చినప్పుడు నువ్వు ఆఖరిసారి దానికి పడుగు, ఆ నిలువు పోగులు, అతికి పోయావు. నీకప్పుడు ఇరవై మూడేళ్లు. తర్వాత నువ్వు నడిపిన విమానమూ దొరకలేదు, నువ్వూ దొరకలేదు.

నీకు కర్మ చేయడానికి అమ్మ ఒప్పుకోలేదు. "నా కొడుకు వచ్చేదాంకా మగ్గం ఖాళీ పెట్టొద్దు" అనింది. అమ్మ పోయాక కూడా, ఒక చీర కాగానే పాత పోగుల కొసలకు కొత్తవి మెలేసి అతుకుతూ, ఇన్నేళ్లూ ఆ వరస తెగనివ్వలేదు నేను. ఇప్పుడు నా కళ్లకు పోగు ఆనడం లేదు.

"యాడ కొయ్యాలమ్మా?" అన్నాడు నా కొడుకు, కత్తెర పట్టుకుని.

ఎక్కడైనా ఒకటే అన్నాను.

పడుగు కోశాక వాడు చేతులు కడుక్కోబోయాడు.

"చేతులు కాదు నాయనా, తలకు పోసుకో" అన్నాను.

వాడి తర్వాత నేనూ పోసుకున్నాను.