పేకాటకు ఉపవాసం

మార్చి 5, బుధవారం

మా సూపర్‌వైజర్ మోనిక మేడం ఈరోజు నుదుటన బూడిద పెట్టుకొని మేము కాపలా కాసే సోలార్ ప్లాంటుకి డ్యూటీకొచ్చింది. శివరాత్రి పోయినవారమే అయిపోయింది కదా మేడం అంటే పడీపడీ నవ్వింది. ఈస్టర్ దాకా వాళ్లకి ఉపవాసాలంట. చేప కూడా ముట్టదంట. మంగళూరామె, ఎట్లుంటుందో పాపం.

నేను కూడా ఒకటి వదిలినా మేడం, పేకాట, అని చెప్పినా. పదో తరగతి చదివే మా పాప సింధుశ్రీ ప్రిపరేటరీ పరీక్షలో సైన్స్ ఫెయిల్. నేను అరిస్తే, నువ్వు పేకాట వదులు, నేను ఫోన్ వదుల్తా, ఎస్సెస్సెల్సీ పరీక్షలు అయ్యేదాకా, అనింది. తండ్రితోనే పందెమా! సరే అన్నా. నేను ముక్క పట్టుకుంటే ఆయమ్మ ఫోన్ పట్టుకుంటాది. ఇంక సైన్స్ గోవిందా.

మేడం ఒక మాట చెప్పింది. వదలడం పెద్ద కష్టం కాదంట. అది ఉండే చోటికి పోకుండా ఉండేదే కష్టమంట.

మార్చి 9, ఆదివారం

రచ్చకట్ట కాడ మా బామ్మర్ది తిప్పేశ్ ఆట పెట్టినాడు. ఊరికే చూస్తాలే అని నిలబడినా. రెండో ఆటకే వేళ్లు తీట. గబగబా ఇంటికొచ్చేసినా.

ఇంక ఆ దావన పోను. పాలడైరీ వెనక నుంచి చుట్టు తిరిగి పోతా. ఆడ కుక్కలుండాయి. కరిస్తే కరవనీ.

మార్చి 16

కుక్కలు మొరిగేది మానేసినాయి.

మార్చి 29, శనివారం

ఛీ, నా మొగం!

ఈరోజుతో పాపకు సోషల్ పరీక్ష అయిపోయింది. మిగిలింది సైన్సే, బుధవారం. పొద్దుపోక ఇంట్లో కూర్చొని, ఫోన్లో ఎవరో రమ్మీ ఆడే వీడియో చూస్తాంటి. వెనకాల ఊపిరి వినిపిచ్చె. తిరిగి చూస్తే పాప. సైన్స్ బుక్కు చంకలో. ఎంతసేపైందో ఏమో. పైగా, వాడు ఆ రాణిని పడేయకూడదు నాన్నా, అనింది!

నేను ముక్క ముట్టలే. పాప ఫోన్ ముట్టలే. ఇద్దరమూ కలిసి చూస్తాండాము. నా పెండ్లాం గంగాదేవి చీపురు తీసుకునింది, ఎవర్ని కొట్టాలో తెలీక ఇద్దర్నీ తిట్టింది.

సిగ్గయింది నాకు. నేను తప్పించుకోవాల్సింది రచ్చకట్టనైతే, పాప తప్పించుకోవాల్సింది నన్నే. ఆ బిడ్డ ఇల్లు వదిలి యాడికి పోతాది? నేనే పోవాల. రేపు డ్యూటీ వెయ్యండి అని మేడంకి ఫోన్ చేసినా. ఉగాదికి డ్యూటీ అడిగినోణ్ణి ఇంతవరకూ చూడలేదంట.

మార్చి 30, ఉగాది

మా పక్క ఉగాదికి పేకాట లేకుంటే అది పండగే కాదు. కొడుకుల్ని తిట్టే ముసిలోళ్లు కూడా ఈ రోజు కూర్చుంటారు. ప్యానెళ్ల మధ్యలోనైతే గడ్డి తప్ప ఏముంటాది అనుకుంటి.

మధ్యాన్నం రౌండ్ కొడతాంటే యాడో నవ్వులు. వంగి చూస్తే ప్యానెళ్ల కింద నీడలో తిప్పేశ్, వాని గుంపు, టవల్ పరుచుకొని! ఊర్లో పోలీసు జీపు తిరుగుతాండాదంట. కాపలా మా బావదే కదా అని కంచె దూరి వచ్చినారంట. రా బావా అని నాకూ ముక్కలు పంచేసినాడు. పండగపూట పంచిన ముక్క కాదంటే ఏడాదంతా దరిద్రమంట.

చెయ్యి ముందుకు పోయింది, అబద్ధమెందుకు. ఆ చెయ్యి లాక్కొని జోబిలోంచి విజిల్ తీసినా. చెవులు పగిలేట్టు ఊదినా. అందరూ చెప్పులు ఆడాడే వదిలేసి పరుగో పరుగు! తిప్పేశ్ తిట్టిన తిట్లు రాస్తే ఈ పేజీ చాలదు.

మార్చి 31, వర్షతొడకు

ఉగాది మర్నాడు మాంసం తినే పండగ కదా, ఊరంతా కూర వాసన. తిప్పేశ్ వాళ్లు పొట్టేలు కోసి పాళ్లు వేసుకున్నారు. నా పాలు ఇవ్వలే. ఈ రోజు ఏం తింటే ఏడాదంతా అదేనంట. మా ఇంట్లో వంకాయ. గంగాదేవి ఉరిమి చూస్తా వడ్డించింది.

పాప మాత్రం, ఫోన్ లేదు, మాంసం లేదు, ఇంక చదవక ఏం చేసేది, అని నవ్వింది. రెండో రాగిముద్ద కూడా తిని పుస్తకం ముందర కూర్చునింది. నాకు కడుపు నిండింది.

ఏప్రిల్ 2, వై.ఎన్.హొసకోట

పాపను సైన్స్ పరీక్ష సెంటర్ కాడ దింపినా. గేటు ముందర పోలీసులు నిలబడనీలే. నాన్నలందరూ టీ అంగడి పక్కన వేపచెట్టు కింద చేరినారు. అర్ధగంటకే టవల్ పరిచినారు, ముక్కలు పంచినారు. నేను రోడ్డు అవతలికి పోయినా. ఆడ నీడ లేదు.

బెల్లు కొట్టినారు. పాప బయటికొచ్చింది. నాన్నలుండే చెట్టు వైపు చూడను కూడా చూడలే. నేరుగా రోడ్డు దాటి ఎండలోకి, నా దగ్గరికే వచ్చింది.