చదవకుండా వదిలిన వాక్యం

ప్రియమైన నాన్నకు,

నీ బిడ్డ రూతు వందనాలు. నా ఒంట్లో బాగానే ఉంది. నీ దగ్గు తగ్గిందా? అమ్మ మోకాళ్లు చర్చి మెట్లు ఎక్కనిస్తున్నాయా? అన్నకు ఫస్ట్ షిఫ్ట్ ఇచ్చారా, ఇంకా తిప్పుతూనే ఉన్నారా? అందరి సంగతీ రాయించు.

పోయిన వారం ఫోన్ చేసినప్పుడు నువ్వు "ఆఁ, ఆఁ" అంటూనే ఉన్నావు. సగం వినపడలేదని నాకు తెలుసు. బొగ్గుబాయిలో పేలుళ్లకు పోయిన చెవులు అవి. నాదేమో అసలే లోగొంతు. అందుకే రాస్తున్నాను. వినపడినా ఫోన్లో చెప్పలేని సంగతి ఒకటి ఉంది.

ముందు మామూలు సంగతులు. భద్రాచలం నుంచి గంటన్నర బస్సు అని చెప్పాను కదా, వానాకాలంలో అది మూడు గంటలైంది. వాగు పొంగితే బస్సు ఇటే ఆగేది. ఇప్పుడు వానలు పోయి చలి దిగింది. మన ఇల్లందు చలి కాదు ఇది. అడవి లోపలి నుంచి తడితడిగా వస్తుంది, బట్టలు ఆరవు. నా నీలం స్వెట్టర్ ట్రంకు పెట్టెలో అడుగున ఉంటుంది, అన్నతో పంపండి. గది బాగానే ఉంది. ఆఫీసు వెనకే, కిరాయిది, పైన రేకులు. వంట నేనే చేసుకుంటున్నాను. సోమవారం సంతలో అన్నీ దొరుకుతాయి. వానల్లో వెదురు కొమ్ముల కూర తిన్నాను, మొదటిసారి చేదు అనిపించింది, తర్వాత అలవాటైంది. పప్పుచారు మాత్రం అమ్మ చేసినట్టు కుదరడం లేదు. చర్చి చిన్న షెడ్డు. పాటల పుస్తకాలు ఆరే ఉన్నాయి. నాకు పాటలు నోటికి వచ్చని పాస్టరమ్మ ముందు వరుసలో కూర్చోమంటుంది. నేను వెనకే కూర్చుంటాను. బాగానే ఉన్నాను నాన్నా, దిగులు పడవద్దు.

ఇప్పుడు పని సంగతి. సర్కారు పరిశోధన అని మాత్రమే మీకు చెప్పాను. ఏం పరిశోధనో చెప్పలేదు, మీరూ అడగలేదు. ఉద్యోగం వచ్చిందని అమ్మ ప్రార్థన పెట్టించింది, అంతే.

ఈ అడవి గూడేల్లో వచ్చే జ్వరానికి ఒక కొత్త మాత్ర చూస్తున్నారు. జ్వరం వచ్చినవాళ్లలో సగంమందికి ఆ మాత్ర, సగంమందికి అలాగే కనిపించే ఉత్త మాత్ర, మందు లేనిది. ఎవరికి ఏది పడుతుందో మాకు కూడా తెలియదు. ఐదు రోజులు చూస్తారు. ఆ ఐదు రోజులూ దవాఖానాలో ఇచ్చే మామూలు జ్వరం మందు ఇవ్వరు. ఇస్తే లెక్క చెడిపోతుందట.

మాత్ర ఇచ్చేముందు రెండు పేజీల ఫారం చదివి వినిపించాలి. అది నా పని. నేను ఒక్కో వాక్యం తెలుగులో చదివితే సీతమ్మ దాన్ని కోయ మాటల్లో చెబుతుంది. సీతమ్మ మా ఆఫీసులో ఆయా, ఆ గూడేల మనిషే. తర్వాత వాళ్లు వేలిముద్ర వేస్తారు. దాని పక్కన "చదివి వినిపించినవారు" అన్నచోట నేను సంతకం పెడతాను.

ఇంటర్వ్యూలో నన్నెందుకు తీసుకున్నారో తెలుసా? ఫారం ఇచ్చి చదవమన్నారు. బడిలో సిస్టర్లు నేర్పినట్టు ఒత్తులు మింగకుండా, వాక్యం చివర ఆగి చదివాను. సూపర్‌వైజర్ సారు, "ఈ అమ్మాయి చదివితే రేడియో పెట్టినట్టుంది" అన్నారు. సీతమ్మ మాత్రం మొదటి రోజే, "ఏంది బిడ్డా, నోట్ల బెల్లంగడ్డ పెట్టుకున్నవా? ముసలోళ్లకు ఇనపడొద్దా, గట్టిగ చదువు!" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ రోజే రెండో పేజీకి వచ్చాను. అక్కడ ఇలా ఉంటుంది: "మీకు ఇష్టం లేకపోతే కాదనవచ్చు. మధ్యలో ఎప్పుడైనా మానుకోవచ్చు. మానుకుంటే దవాఖానా మందు వెంటనే ఇస్తాము." నేను "మీకు ఇష్టం" అనేలోపే సారు చెయ్యి ఊపారు. "అది వదిలెయ్యమ్మా. అది చెప్తే ఒక్కొక్కళ్లు ఒక్కొక్క ప్రశ్న అడుగుతరు, ఈడనే పొద్దుగూకుతది. ముద్ర వేయించు."

ఆగిపోయాను. రెండో రోజు కూడా ఆయన చెయ్యి ఊపారు. మూడో రోజు ఊపనక్కర లేకపోయింది. ఆ వాక్యం దగ్గరికి రాగానే నా కళ్లే దాన్ని దాటి కిందికి వెళ్లాయి. అలా నాలుగు నెలలు. ప్రతి ఫారం మీద నా సంతకం ఉంది నాన్నా. గుండ్రటి అక్షరాలు, అడ్డగీత, కింద చుక్క.

సారు చెడ్డవారు కాదు. జీపులో తన టిఫిన్ నాకూ పెడతారు. నన్ను "అమ్మా" అనే పిలుస్తారు. "ఈ మాత్ర పాసైతే రేపు వీళ్లకే కదా పనికొచ్చేది" అని నిజంగానే నమ్ముతారు. నేనూ అలాగే అనుకుని నిద్రపోయేదాన్ని.

జోగమ్మ అని ఒకామె. ఆమెకు ఒక్కతే కూతురు, సోమి. ఆరేళ్లు. జ్వరంతో ఒళ్లు కాలిపోతుంటే తీసుకొచ్చింది. ఫారం చదివాను, ఆ వాక్యం వదిలాను, జోగమ్మ ముద్ర వేసింది. సోమికి మాత్ర మొదలుపెట్టారు. మూడో రోజు మేం జీపులో వెళ్లేసరికి జోగమ్మ పిల్లను భుజాన వేసుకుని దారిలోనే ఎదురొచ్చింది. సీతమ్మతో గబగబా ఏదో అంది. సీతమ్మ మా వైపు తిరిగి, "సారూ, పిల్లకు తగ్గలేదంట. మందు మార్చమంటంది. ఎన్కట దవాఖానాల ఇచ్చినరంట గదా, ఆ చేదు గోలీ, గదే ఇయ్యమంటంది" అంది.

సారు, "ఇంకా రెండు రోజులే అని చెప్పు. మధ్యల మారిస్తే మొదటికే మోసం" అన్నారు.

ఫారాల కట్ట నా ఒళ్లోనే ఉంది. జోగమ్మ అడుగుతున్నది ఆ రెండో పేజీలో ఉన్నదే. ఆమె అడగవచ్చని, అడిగితే ఇచ్చి తీరాలని అక్కడున్న వాళ్లలో తెలిసింది మా ఇద్దరికే, సారుకూ నాకూ. సోమి చెయ్యి తల్లి వీపు మీద వేలాడుతోంది. నేను సారు వైపు చూశాను. తర్వాత కిందికి చూశాను. నోరు తెరవలేదు.

నాలుగో రోజు పిల్లకు ఫిట్స్ వచ్చాయి. జీపులో భద్రాచలం తీసుకెళ్తుంటే గోదావరి వంతెన రాకముందే పోయింది.

ఇక్కడిదాకా రాసి ఆపాను. పొయ్యి మీద అన్నం మాడింది. మళ్లీ వండుకుని తిన్నాను. తింటున్నాను నాన్నా, మానలేదు.

వారం తర్వాత సారు ఒక కాగితం టైపు చేయించి తెచ్చారు. "తల్లికి అన్ని వివరాలు చదివి వినిపించాము. ఆమె తన ఇష్టంతోనే కొనసాగించింది." కింద నా పేరు, సంతకానికి చోటు. "పైనుంచి అడిగిన్రమ్మా. ఇది పైకి పోతే ఫైలు మూసేస్తరు, అవతలి గూడెంల కూడా మొదలుపెట్టొచ్చు. నీ సంతకం ఒక్కటే ఆగింది" అన్నారు. అంటే నేను పెడితే అవతలి గూడెం పిల్లలకు మాత్రల డబ్బాలు తెరుస్తారు. ఆ డబ్బాలు మా వరండాలో సీలు వేసి ఉన్నాయి. రోజూ వాటి పక్క నుంచే గదికి వెళ్తాను.

పెట్టనని అనలేదు. నాకు అంత ధైర్యం ఎక్కడిది? "రేపు పెడతాను సార్" అన్నాను.

నాన్నా, ఇప్పుడు రాసేది నిన్ను తప్పు పట్టడానికి కాదు. నువ్వు బాయిలో సర్దార్‌గా ఉన్నప్పుడు, మనుషులను లోపలికి పంపేముందు కర్రతో పైకప్పు తట్టి చూసేవాడివని, గట్టిగా మోగితే మంచిదని, డొల్లగా మోగితే ఆపేసేవాడివని చిన్నప్పుడు చెప్పేవాడివి. ఇంట్లో గోడలు తట్టి నాకు చూపించేవాడివి. నేను పది పాసైన ఏడాది అమ్మ ఇంకోటి చెప్పింది. ఒకరోజు ఆలస్యమైందని ఒక్కచోట తట్టకుండానే పుస్తకంలో "చూశాను" అని సంతకం పెట్టావని. నీ కింద పనిచేసే ఓదెలు అక్కడికే వెళ్లాడని, కప్పు మీద పడి పోయాడని. పుస్తకంలో నీ సంతకం ఉంది కాబట్టి నిన్నెవరూ ఏమీ అడగలేదని.

ప్రతి క్రిస్మస్‌కూ అమ్మ వండిన అరిసెల మొదటి డబ్బా పాస్టరు గారింటికి కాకుండా ఓదెలు వాళ్లమ్మ ఇంటికే ఎందుకు పోయేదో అప్పుడు అర్థమైంది. డబ్బా నేను మోసేదాన్ని. నువ్వు గేటు దగ్గరే ఆగిపోయేవాడివి. నేను లోపలికిచ్చి వచ్చేదాకా చెప్పులతో మట్టి గీకుతూ నిలబడేవాడివి. ఆమె ఒక్కసారి కూడా "మీ నాయన లోపలికి రాడేంది?" అని అడగలేదు.

సారు ఇచ్చిన కాగితం పుస్తకంలో పెట్టుకుని నేను గదిలో కూర్చున్నప్పుడు నాకు ఆ గేటే గుర్తొచ్చింది.

మర్నాడు సారు అవతలి గూడెం తీసుకెళ్లారు. పేర్లు రాసుకుని, ముందుగానే ముద్రలు తీసుకుని పెట్టుకుందామని. చింతచెట్టు కింద ముప్పై మంది దాకా ఆడవాళ్లు పిల్లలతో కూర్చున్నారు. నేను చదివాను, సీతమ్మ చెప్పింది. రెండో పేజీకి వచ్చాను. చదివాను నాన్నా. "మీకు ఇష్టం లేకపోతే కాదనవచ్చు." సారు ఫోన్‌లోంచి తలెత్తారు. నేను ఆగలేదు. మానుకోవచ్చు అన్నదీ చదివాను. మందు వెంటనే ఇస్తాము అన్నదీ చదివాను. నా జీవితంలో అంత గట్టిగా ఎప్పుడూ చదవలేదు.

సీతమ్మ నా వైపు తిరిగింది. నాలుగు నెలలుగా నా పక్కన కూర్చున్న మనిషి, ఈ మాట మొదటిసారి వింటోంది. తర్వాత వాళ్ల వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టింది. నేను చదివింది మూడు ముక్కలు, ఆమె చెప్పింది చాలాసేపు. మధ్యలో "సోమి" అన్న పేరు వినిపించింది.

ఒక ముసలామె అడిగింది. సీతమ్మ తెలుగులో చెప్పింది: "కాదంటే రేషన్ కార్డు గుంజుకుంటరా అంటంది."

"గుంజుకోరు," అన్నాను.

ముసలామె లేచి చీర దులుపుకుంది. "అయితే నా మనవడికి జరమొస్తే దవాఖానాకే తోల్కపోత," అని ఈసారి తెలుగులోనే నా మొహం మీదే అని వెళ్లిపోయింది. ఆమె వెనక ఒకరు, తర్వాత ఇద్దరు. కాసేపటికి చెట్టు కింద మేము, ముద్రలకు తెచ్చిన సిరా డబ్బా మిగిలాం.

జీపు దగ్గర సారు, "ఏం చేసినవమ్మా నువ్వు?" అన్నారు. కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువ ఉంది ఆ గొంతులో.

"ఫారంలో ఉన్నదే చదివాను సార్."

ఆఫీసుకొచ్చి ఆ టైపు కాగితం వెనక నా చేత్తో రాశాను. ఏ వాక్యం చదవలేదో, ఎన్ని నెలలు చదవలేదో, మూడో రోజు జోగమ్మ ఏమడిగిందో, నేను ఎందుకు మాట్లాడలేదో. దాని కింద సంతకం పెట్టాను. ఒక నకలు సారుకు ఇచ్చాను. ఇంకోటి రిజిస్టర్ పోస్టులో పంపాను. ఫారం చివర చిన్న అక్షరాల్లో ఫిర్యాదుల అడ్రసు ఒకటి ఉంటుంది. ఫారాన్ని అక్కడిదాకా చదివినవాళ్లు ఎవరూ ఉన్నట్టు లేరు.

జవాబు రాలేదు. ఆ ఒక్క గూడెంలో ఆగింది. మిగతాచోట్ల జరుగుతూనే ఉంది, చదవడానికి వేరే అమ్మాయిని తెచ్చారు. సీతమ్మ మాత్రం, "కాయితం ఏ పిల్ల చదివినా చెప్పేది నేనే గదా బిడ్డా. ఆ ముక్క నాకు నోటికొచ్చింది" అంది. నన్ను స్టోరు గదిలో కూర్చోబెట్టి పాత ఫారాలు పెట్టెల్లో సర్దమన్నారు. నెలాఖరుకు పంపించేస్తారు. అమ్మకు మెల్లగా చెప్పు. సర్దుతుంటే ప్రతి కాగితం మీదా నా సంతకమే కనిపిస్తుంది.

నిన్న ఆదివారం ప్రార్థన అయ్యాక సీతమ్మను వెంటబెట్టుకుని జోగమ్మ ఇంటికి వెళ్లాను. అంతా చెప్పాను. సీతమ్మ చెబుతున్నంతసేపూ ఆమె నేలకేసి చూసింది. తర్వాత వచ్చీరాని తెలుగులో ఒక్కటే అడిగింది. "ఆ మాట అప్పుడే ఉండెనా కాయితంల?"

"ఉంది," అన్నాను.

లోపలికెళ్లి చూరులోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. రేషన్ కార్డు, ఆధార్, మేమిచ్చిన ఫారం నకలు. నా ముందు పరిచి, "ఏడ?" అంది. వేలు పెట్టి చూపించాను. తను కూడా వేలు పెట్టి ఆ వరుస మొదటి నుంచి చివరిదాకా నెమ్మదిగా జరిపింది. మళ్లీ మొదటికి తెచ్చి ఇంకోసారి జరిపింది. మడిచి కవర్లో పెట్టుకుంది. తిట్టలేదు. తిడితే బాగుండేది. సీతమ్మతో, "పొద్దు పోతది, పొమ్మను" అంది.

నెలాఖరుకు ఇంటికి వస్తాను. కానీ పండుగకు ముందు ఒకసారి ఇక్కడికి తిరిగి రావాలి. ఈసారి అరిసెలు ఒక డబ్బా ఎక్కువ వండమని అమ్మతో చెప్పు. ఎవరికో నువ్వే చెప్పు.

అన్నకు, పాస్టరు గారికి, మన క్వార్టర్ల లైనులో పెద్దవాళ్లందరికీ నా వందనాలు. నాకోసం ప్రార్థన చెయ్యండి, జోగమ్మ కోసం కూడా. దీవించు నాన్నా. ఒకటి మాత్రం నువ్వే రాయి, అన్నతో రాయించవద్దు. జోగమ్మ వాళ్ల ఇంటికి గేటు లేదు. నేను ఎక్కడ ఆగాలి?

నీ బిడ్డ,
రూతు