పొగగొట్టం పక్కన బ్యాటరీ

చెన్నై ఎన్నూరులో ఏటి ఒడ్డున కాపురముంటూ, పడవలకు వెల్డింగ్ పని చేసి బతుకుతున్న సెలీనా అనే నేను, కీర్తిశేషులు ఆనందన్ గారి భార్యను, నా తెలివి నా దగ్గరుండగా, ఎవరి బలవంతమూ బెదిరింపూ లేకుండా చెప్పి రాయిస్తున్న వీలునామా ఇది. ఇంతకుముందు ఏదీ రాయలేదు. గుండె బలహీనపడిందని డాక్టరు చెప్పినందువల్ల ఇప్పుడు రాయిస్తున్నాను. వాషర్‌మెన్‌పేట్‌లో దస్తావేజులు రాసే వెంకట్రామ్ గారు నా మాటలను కాగితం మీద పెడుతున్నారు. నా పిల్లలు తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. అందుచేత మా వీధి టీచరమ్మ మృణాళిని గారిని ఈ వీలునామా అమలుకు బాధ్యురాలిగా నియమిస్తున్నాను. ఆమె ఒక్క మాట వదలకుండా వాళ్లకు చదివి వినిపించాలి.

1. నేనుంటున్న రేకుల ఇల్లు నా కొడుకు సెంథిల్‌కు, కూతురు విజికి సమానంగా చెందాలి. మధ్యలో గోడ పెట్టుకోకూడదు.

2. చక్రాల బండి మీదున్న పాత ఇంజిన్ వెల్డింగ్ మిషన్ విజికి మాత్రమే చెందాలి. పాత ఇనుములో తూకానికి పోబోతుంటే ఆనందన్ దాన్ని ఇంటికి తెచ్చి, విప్పి, కడిగి, మళ్లీ పలికించారు. కరెంటు లేని ఒడ్డున అది మాకు అన్నం పెట్టింది. హ్యాండిల్ తిప్పితేనే లేచేది. తిప్పడం తెలియనివాడిని వెనక్కి తన్నేది. తెలిసినవాడినీ ఒక్కోసారి తన్నేది.

3. ఈ నిబంధన నా మరిది మణిమారన్ గురించి. అతని ఎదుటే చదవాలి.

ఒకసారి ఆ హ్యాండిల్ తన్ని ఆనందన్ భుజం తప్పింది. అప్పుడు మణిమారన్ ఒక లారీ నుంచి తీసిన సెల్ఫ్ మోటారు తెచ్చి, బ్యాటరీతోనే ఇంజిన్ లేచేట్టు బిగించాడు. అంతవరకు మేలే చేశాడు. బ్యాటరీని మాత్రం ఇనప డబ్బాలో పెట్టి, గట్టిగా మూతవేసి, ఆ డబ్బాను పొగగొట్టానికి ఆనించి అతికించాడు. “ఈడ వద్దురా, కాల్తాది. గాలి కూడా లేదు” అన్నారు ఆనందన్. “ఏం గాదు అన్నా, సుమ్మా ఊరికే భయపడతా ఉండావు. ఈడైతే ఎవుడూ ఎత్తుకపోడు” అన్నాడు మణిమారన్.

ఇంజిన్‌తో తిరిగే పాత డైనమో ఆపకుండా బ్యాటరీలోకి కరెంటు తోసేది. బ్యాటరీ ఉడికి, గ్యాసు ఆ డబ్బా నిండా పట్టింది. ఒకరోజు పొద్దుటి పని ముగించి ఆనందన్ మూత తీసి కేబుల్ లాగారు. చిన్న రవ్వ లేచింది. ఆ చప్పుడు ఏటి అవతలి గట్టుకు కూడా వినిపించిందట. యాసిడ్ ఆయన రెండు కళ్లనూ తీసుకుపోయింది. నేను బిందెలతో నీళ్లు పోస్తూనే ఉన్నాను. ఆయన ఒక్కటే అడిగారు: “సెలీనా, పొద్దుగూకిందా?” అప్పుడు మిట్టమధ్యాహ్నం.

చీకట్లోనే కొన్నాళ్లు బతికి ఆయన పోయారు. సమాధి దగ్గర మణిమారన్ వచ్చినవాళ్లందరితో, “అన్న బీడీ ముట్టించినాడు, దానికే పేలింది” అన్నాడు. ఆనందన్ జన్మలో బీడీ తాగలేదు. సెంథిల్ ఆ మాట విని తల దించుకున్నాడే గాని, కాదనలేదు.

పేలిన డబ్బా మూత నా మంచం కింద ఉంది. అది మణిమారన్‌కు ఇస్తున్నాను. ఇంకేమీ ఇవ్వడం లేదు.

4. నేను బ్యాటరీయే వద్దనడం లేదు. విజి భుజం ఆ హ్యాండిల్‌కు చాలదు. అయితే మిషన్ మీద విజి హక్కు ఈ షరతులకు లోబడి ఉంటుంది. బ్యాటరీ పొగగొట్టానికీ డీజిల్ ట్యాంకుకూ ఎడంగా, అవతలి పక్క, చెక్క పలక మీద, నలువైపులా గాలి ఆడేట్టు ఉండాలి. కదలకుండా పట్టీతో కట్టాలి. డైనమో ఎంత కరెంటు పోస్తుందో తెలిసినవాళ్లకు చూపించి సరిచేయించాలి. బండి చట్రానికి పోయే కేబుల్ తగిలించేటప్పుడు చివరన, తీసేటప్పుడు మొదట. ఇంజిన్ ఆగి, చల్లారి, గాలి ఆడనిదే ఎవరూ చెయ్యి పెట్టకూడదు.

5. నా చేతి కొలతకు ఆనందన్ కత్తిరించి కుట్టిన తోలు గ్లౌజులు విజికి. దాని చెయ్యీ నా చెయ్యంతే. నీలం పట్టుచీర మృణాళిని గారికి; ఒకసారి బాగుందన్నారు. ట్రాన్సిస్టర్ రేడియో సెంథిల్‌కు. చూపు పోయాక వాళ్ల నాన్న వేళ్లతోనే స్టేషన్లు పట్టేవారు. వాడి మీద నాకు కోపముంది. ప్రేమ తగ్గలేదు.

6. ఇంతవరకు రాసేసరికి విజి ఫోన్ చేసింది. అది చెప్పినదీ రాయమన్నాను. “అమ్మా, అన్నా చిన్నాన్నా మిషన్‌ని ఎత్తుకపోయినారు. పడవకాడ నడస్తా ఉండాది. చిన్నాన్న మళ్లీ అట్లాంటి డబ్బానే చేసినాడు. ముట్టుకుంటే కాల్తాది. లోపల బుస్సంటా ఉండాది.”

ఫోన్ సెంథిల్‌కు ఇమ్మన్నాను. “ఇంజిన్ ఆపు. డబ్బా ముట్టబాకు. అందురూ దూరం పోండి” అని చెప్పాను. “పోటు వచ్చేలోపల పడవ నీళ్లలోకి దిగాల అమ్మా. చిన్నాన్న చూసుకుంటాడు” అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తడం లేదు.

విజికి చేశాను. అక్కడి నుంచి వచ్చేయమన్నాను. అన్నను వదిలి రానంది.

నేను వెళుతున్నాను. ఆ ఇంజిన్‌ను నేనే ఆపుతాను. ఆపాక ఆ డబ్బా దగ్గర ఎవరో ఒకరు నిలబడి మిగతావాళ్లను రానివ్వకుండా ఉండాలి. అది పిల్లల పని కాదు.

చెన్నై, 2024 అక్టోబరు 14, సోమవారం.

(సంతకం) ఆ. సెలీనా

సాక్షులు:

ఆరోగ్యసామి, ఆటో డ్రైవరు. ఆమెను ఎన్నూరుకు తీసుకుపోతున్నాను.

వెంకట్రామ్, దస్తావేజు లేఖరి. అయిదు నిబంధనలు చదివి వినిపించాను, సరేనన్నారు. ఆరోది వినడానికి ఆగలేదు.